చప్పుడు చెయ్యని కెమెరా

మా ఆయన లక్ష్మీరాజానికి చెవులు సరిగ్గా వినిపించవన్న సంగతి సిరిసిల్లలో మా వాడకట్టంతా తెలుసు, ఒక్క ఆయనకు తప్ప. టీవీ సౌండు పక్కింటి దాకా వినబడేట్టు పెట్టుకుంటాడు. నేను పిలిస్తే పలకడు. గట్టిగా అడిగితే, "నువ్వే మెల్లగ మాట్లాడ్తవ్, నోట్ల నోట్ల గొణుగుతవ్" అంటాడు. నేను గొణగడమా! మా బజారు మొదట్లో నిలబడి అరిస్తే చివరింట్లో పిల్లలు లేచి కూర్చుంటారు. నా గొంతు సంగతి నాకు తెలుసు.

ఆయన తప్పేం లేదులెండి. మీసాలు రాకముందే సాంచాల షెడ్డులోకి పోయినవాడు. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. వరసగా సాంచాలన్నీ ఆడుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు, చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగిందంటే రెండు వేళ్ళు విడదీసి చూపిస్తారు. సేటు వస్తున్నాడంటే మీసం దువ్వినట్టు చేస్తారు. వెనకాల చూడమంటే బొటనవేలు భుజం మీదుగా వెనక్కి తిప్పుతారు. పెళ్ళయి వచ్చాక నేను కూడా ఆ షెడ్డులోనే నూలు కండెలు చుట్టాను. కొత్తలో మా మొగుడూ పెళ్ళాల ముచ్చట్లు ఇంట్లోకంటే అక్కడే ఎక్కువ జరిగాయి.

చెవులు పోతేనేం, కళ్ళు మాత్రం దేవుడిచ్చినవి. నాలుగు సాంచాల అవతల ఒక్క పోగు తెగితే కూర్చున్న చోటి నుంచే కనిపెడతాడు. ఆ కళ్ళంటే ఆయనకు గర్వం. నాకూ గర్వమే కానీ మొహం మీద చెప్పను, నెత్తికెక్కుతుందని.

నిరుడు ఆర్డర్లు లేక సాంచాలు బంద్ అయినప్పుడు కొన్నాళ్ళు నస్పూర్‌లో మా తల్లిగారింటికి పోయాం. మా బాపు మొండయ్య బొగ్గుబాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసి రిటైరయ్యాడు. తమ్ముడు రాజ్‌కుమార్‌కు అక్కడే ఉద్యోగం. ఊరికే కూర్చోవడం మా ఆయనకు చేతకాదు. తెల్లారగానే లేచి గోదారి ఒడ్డుకు, వాగు వచ్చి కలిసే చోటికి పోయేవాడు. ఒక పొద్దున పరుగెత్తుకుంటూ వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి.

"పద్మా! నీటికుక్కలు జూసిన! బండ మీద ఎండకు పన్నయి. ఒగటి నోట్ల చేప వట్టుకొచ్చింది."

మంచిర్యాలలో పక్షులనూ జంతువులనూ చూసి లెక్క రాసుకునే సంఘమొకటి ఉంది. రాజ్‌కుమార్ అందులో తిరుగుతాడు. ఆ ఆదివారం బావను వెంటబెట్టుకుని పోయాడు. సంఘానికి పెద్ద భానుప్రసాద్ సారు, కాలేజీలో చెప్తాడు. మంచి మనిషి. అంతా ఓపికగా విన్నాడు.

"మీరు జూసింది నిజమే కావచ్చు రాజం గారూ. కానీ గీ కాడ నీటికుక్కలున్నట్టు ఇప్పటిదాక ఫోటో లేదు. ముంగిసలు గూడ నీళ్ళకాడికొస్తయి. తల, తోక, కాళ్ళ వేళ్ళు కనవడేటట్టు ఒక్క ఫోటో ఉంటే రాసుకుంటం. లేకుంటే నేను జూసినా రాయం, మా దగ్గర అందరికి ఒకటే రూలు."

సారు మాటల్లో తప్పు లేదు. వెనక కూర్చున్న వాళ్ళు నవ్వారు, అదే తప్పు. ఆ నవ్వు మా ఆయనకు వినపడలేదు కానీ కనపడింది. మా బాపు వాళ్ళుండే బొగ్గుబాయి కాలనీలో ఆయనకు 'నీటికుక్కల రాజం' అని పేరు పెట్టారు. ఆఖరికి మా బాపు కూడా అన్నం కాడ, "రేపు గోదాట్ల పులిని జూస్తడు మా అల్లుడు" అన్నాడు. నేను గరిటె కింద పెట్టి బాపు వైపు ఒక్క చూపు చూశాను. మళ్ళీ అనలేదు.

"నేను అబద్ధమాడేటోన్నా పద్మా?" అని ఆ సాయంత్రం మా ఆయన నన్ను అడిగాడు. "నా కండ్లతోని జూసిన."

ఇంకేదైనా అంటే పడేవాడే. కళ్ళను అన్నారు. ఫ్రిజ్ కోసమని నేను ఎత్తిన చిట్టీ డబ్బులుంటే, కెమెరా కొనుక్కోమని చేతిలో పెట్టాను. ఇన్నాళ్ళు కుండ నీళ్ళు తాగినవాళ్ళం, ఇంకొన్నాళ్ళు తాగితే చావం కదా.

ఏం కొనాలో భానుప్రసాద్ సారే చెప్పాడు. కెమెరా బాడీ పాతదైనా ఫరవాలేదు, లెన్స్ దగ్గర కక్కుర్తి పడొద్దన్నాడు. బాడీలు ఏటేటా మారుతుంటాయి, మంచి లెన్స్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. లోపల బొమ్మను పట్టే సెన్సర్ పెద్దగా ఉండే పెళ్ళి ఫోటోల వాళ్ళ బాడీ మనకెందుకు, చిన్న సెన్సర్ బాడీ అయితే చవకా, అదే లెన్స్‌తో జంతువు ఇంకా దగ్గరగా కనపడుతుంది. లెన్స్ మాత్రం దూరానివి దగ్గరికి లాగేది, ఆరువందల ఎం.ఎం. దాకా పోయేది చూసుకోమన్నాడు. మా ఆయన అన్నీ బుద్ధిగా తలకెక్కించుకుని కరీంనగర్‌లో పాత కెమెరాలమ్మే అరుణ్‌కుమార్ షాపుకు పోయాడు. తోడుగా ఎవరిని తీసుకుపోయాడు? మా బాపును! బాయిలో బండలు పేల్చే పని చేసి చేసి మా బాపు చెవులు ఎప్పుడో పోయాయి. అంటే ఇద్దరు చెవిటివాళ్ళు కలిసి కెమెరా కొనడానికి బయలుదేరారన్నమాట.

చూడటంలో మాత్రం లోపం చెయ్యలేదు. లెన్స్‌ను వెలుగుకు ఎత్తి, థాను బట్టలో మచ్చ వెతికినట్టు వెతికారు. గీత లేదు, బూజు లేదు. రోడ్డవతల బోర్డు మీది చిన్నక్షరాలు తీసి చూశారు, సూదిలా వచ్చాయి. లెన్స్ ఖాయమైంది. బాడీలు రెండు ముందు పెట్టాడట అరుణ్‌కుమార్. ఒకటి తేలికది, మెల్లగా తీసేది. రెండోది ఎవరో ఆటల ఫోటోలు తీసేవాడు వాడి అమ్ముకున్నది, బరువైనది. వేలు పెట్టి ఉంచితే ఆగకుండా తీస్తూ పోతుంది. మా ఆయన వేలు పెట్టాడు. లోపలి అద్దం ఎగిరి దూకడం చేతికి తెలిసింది.

"మామా, సాంచ ఉరికినట్టు ఉరుకుతుంది!" అన్నాడట.

"గిదే గట్టి మాలు" అన్నాడట మా బాపు.

షాపు ఆయన పక్కనే ఉన్నా ఏమంటాడు? కొనేవాళ్ళు సంబరంగా ఉన్నారు. సంచిలో పెట్టి ఇచ్చాడు.

ఆ మాటకొస్తే దాని మోత నేనూ కనిపెట్టలేదు. సిరిసిల్లకు తిరిగొచ్చాక మా వాకిట్లో నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. మళ్ళీ ఆర్డర్లు వచ్చి, గోడవతల సాంచాలు ఆడుతున్నాయి. ఆ మోతలో కెమెరా చప్పుడు ఎవరికి తెలుస్తుంది? వేరే ఊళ్ళో అయితే మొదటి రోజే తెలిసేది. మా ఊళ్ళో తెలియకుండానే చలికాలం వచ్చేసింది.

వీలు దొరికినప్పుడల్లా బస్సెక్కి నస్పూర్ పోయేవాడు. నీళ్ళ బొమ్మలు తెచ్చేవాడు. సుడి తిరుగుతున్న నీళ్ళు, ఖాళీ బండ, ఖాళీ బండ మీద తడి. ప్రతి వరసలో మొదటి బొమ్మలో మాత్రం మంచులో నల్లటి ముద్దలేవో ఉండేవి, మసకగా. ముంగిసలో నీటికుక్కలో బండ తునకలో చెప్పలేం. కొంచెం దగ్గరికి వస్తున్నాయని మళ్ళీ నొక్కేసరికి మాయం. వాసన పసిగడుతున్నాయని సబ్బు మానేశాడు. బీడీ మానేశాడు. అదొక్కటి మాకు కలిసొచ్చింది. మట్టి రంగు అంగీ తొడుక్కుని పోయాడు. అయినా అంతే. "కెమెరా గూడ వచ్చింది, నీటికుక్కలేవి రాజం?" అని కాలనీలో అడిగేవారు. రాజ్‌కుమార్ రమ్మన్నా సంఘానికి పోవడం మానేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏం జరుగుతుందో నేనే చూస్తానని ఒకసారి వెంట పోయాను.

చీకటి విడుతుండగా ఒడ్డున తుంగ చాటున కూర్చున్నాం. మంచు నీళ్ళ మీది నుంచి లేస్తోంది. ఎదురు బండ మీదికి ఒక్కొక్కటే ఎక్కాయి. నేను చూశాను! బల్లపరుపు తలలు, లావు తోకలు, నూనె రాసినట్టున్న ఒళ్ళు. మా ఆయన నిజం చెప్పాడని నాకెప్పుడూ తెలుసు. అయినా కళ్ళారా చూస్తే గుండె నిండిపోయింది. ఆయన కెమెరా ఎత్తి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

ఠకఠకఠకఠక! నేనే ఉలిక్కిపడ్డాను. గోదారి ఆ ఒడ్డు నుంచి ఆ చప్పుడు తిరిగి వచ్చింది. బండ మీది తలలన్నీ ఒక్కసారి లేచాయి, మరుక్షణం నీళ్ళలో మునిగాయి. మా ఆయన మాత్రం కెమెరా వెనక తెర చూసుకుంటూ తల అడ్డంగా ఊపుతున్నాడు.

"మల్ల వాసన వట్టినయి."

"వాసన కాదు. నీ కెమెరా ఒర్రుతుంది" అన్నాను.

"ఏంది?"

"కెమెరా సప్పుడు జేస్తుందయ్యా!"

"ఏంది?"

నాకు మండిపోయింది. లేచి నిలబడి అరిచాను. "నీ కెమెరా సాంచ లెక్క మోగుతుంది! నీకు ఇనవడ్తలేదు! నీకు చెవులు ఇనరావు!"

తుంగలో ఉన్న కొంగలన్నీ లేచిపోయాయి. ఈసారి ఆయనకు వినపడింది. మొహం చిన్నబోయింది. "నాకు మంచిగనే ఇనవడ్తది" అని, కెమెరా సంచిలో పెట్టుకుని నడిచాడు. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. అంత గట్టిగా అన్నందుకు నాకు బాధేసింది. కానీ మెల్లగా చెప్పే దారి ఎక్కడుంది?

ఆ సాయంత్రం ఆయన రాజ్‌కుమార్‌ను పిలిచాడు. కాలనీ క్వార్టర్ల వెనక పిల్లలు ఆడుకునే పెద్ద మైదానం ఉంది. ఆ రోజు పిల్లలెవరూ లేరు.

"తమ్మీ, నువ్వు అటు దిక్కు మొఖం వెట్టి నడువు. నా దిక్కు చూడకు. కెమెరా సప్పుడు ఇనవడ్డప్పుడల్ల చెయ్యి లేపు."

రాజ్‌కుమార్ నడిచాడు. మా ఆయన నొక్కాడు. చెయ్యి లేచింది. ఇంకా దూరం పోయాడు, నొక్కాడు, లేచింది. మైదానం సగం దాటాడు. చెయ్యి లేచింది. గోల్‌పోస్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు, మనిషి వేలెడంత కనిపిస్తున్నాడు. మా ఆయన కెమెరాను చెవి పక్కకు తెచ్చుకుని నొక్కాడు. గోల్‌పోస్టు కాడ చెయ్యి లేచింది.

నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఆయన నేల మీదే కూలబడ్డాడు. దగ్గరికి పోయి కూర్చున్నాను. చాలాసేపు గడ్డి పీకుతూ ఉన్నాడు.

"ఇంక ఏమేం ఇనవడ్తలేవు పద్మా నాకు?"

ఏమని చెప్పను? వాన మొదలైన చప్పుడు వినపడదు. రాత్రి నేను దగ్గితే వినపడదు. వెనక నుంచి నేను పిలిచే పిలుపు వినపడదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని, "కుక్కర్ ఈల" అన్నాను గట్టిగా. "నాలుగు ఈలలకు బంద్ జెయ్యమంటే పప్పు మాడవెడ్తవ్."

ఆయన నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాట నన్ను అడగడానికి ఆయనకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. షెడ్డులో పనిచేసేవాడికి చెవులు పోయాయని ఒప్పుకోవడమంటే ముసలివాడినయ్యానని ఒప్పుకోవడమే.

మళ్ళీ కరీంనగర్ పోయాం. ఈసారి తోడు నేను. లెన్స్ అలాగే ఉంచుకుని బాడీ మార్చాలని అడిగాం. అరుణ్‌కుమార్ ఒక చిన్న కెమెరా తీసి పెట్టాడు. లోపల ఎగిరే అద్దం లేనిది, మిర్రర్‌లెస్ అంటారు. పాత లెన్స్ దానికి అతకడానికి మధ్యలో ఒక రింగు పెట్టాడు. అన్నీ దాచకుండా చెప్పాడు.

"గిది సప్పుడు బంద్ చేసి తియ్యచ్చు. కానీ గంత జోరుగ తియ్యది. ఉరికేదాన్ని తీస్తే జర వంకరొస్తది. బ్యాటరీ తొందరగ అయిపోతది, ఇంకోటి జేబుల ఉండాలె."

మా ఆయన చేతిలో తిప్పి చూశాడు. "బొమ్మ లెక్కుంది" అన్నాడు నిరాశగా. అంత పెద్ద లెన్స్ వెనక అది నిజంగానే పిల్లలాట వస్తువులా ఉంది. పాతదాని వైపే చూస్తున్నాడు.

"ముందు ఇననియ్యి" అని లాక్కుని నా చెవి దానికి ఆనించాను. ఆయన నొక్కాడు. కీచుమంది!

"ఇదేంది, ఇది గూడ ఒర్రుతుంది?"

"గురి కుదిరినట్టు చెప్పే బీప్ అక్కా, తీసేస్త" అని అరుణ్‌కుమార్ ఏదో నొక్కాడు. ఆ కీచు పాత కెమెరాలోనూ ఉండే ఉంటుంది, మా ఆయనకు అదొకటి ఉందని కూడా తెలియదు. మళ్ళీ నొక్కాడు. ఏమీ లేదు. మళ్ళీ. ఏమీ లేదు. లెన్స్ గురి చూసుకునేటప్పుడు సన్నటి గీర మాత్రం వచ్చింది, చీమ నడిచినంత. షాపు తలుపులు మూయించి, ఫ్యాన్ ఆపించి, ఇంకోసారి విన్నాను. అరుణ్‌కుమార్ చెమటలు తుడుచుకున్నాడు. నేను తృప్తిపడ్డాక మా ఆయన వైపు తిరిగి చేత్తో 'సరే' అన్నాను. ఆయన ఇంకొక్క మాట మాట్లాడకుండా అదే ఖాయం చేశాడు. నా మాట మీద ఆయన కొన్న మొదటి వస్తువది.

తర్వాత గోదారికి ఇద్దరం పోయాం. ఆయన ఎదురు బండకు గురిపెట్టి కూర్చున్నాడు. నేను పక్కన. పొద్దు పొడిచి మంచు పలచబడింది కానీ బండ ఖాళీగానే ఉంది. అప్పుడు నాకు ఒక ఈల వినిపించింది. సన్నగా, పిట్ట పిల్ల అరిచినట్టు. ఎదురు నుంచి కాదు. వెనక, వాగు వైపు నుంచి. ఇంకోటి దానికి బదులు పలికింది.

ఆయన మోచెయ్యి తాకి, బొటనవేలు భుజం మీదుగా వెనక్కి తిప్పాను. షెడ్డులో వాడిన సైగే. ఆయన ఎందుకు, ఏమిటని అడగలేదు. మెల్లగా, గడ్డి కూడా కదలకుండా తిరిగాడు.

వాగు నీళ్ళలోంచి తల్లి వచ్చింది, వెంట రెండు పిల్లలు. మాకు ఎంత దగ్గరగా అంటే, మీసాల మీది నీటి చుక్కలు నాకు లెన్స్ లేకుండానే కనిపించాయి. తల్లి నోట్లో చేప. ఒక్కసారి మా వైపు చూసింది. ఆయన వేలు కదులుతూనే ఉంది. చప్పుడు లేదు. అసలు తీస్తున్నాడో లేదో కూడా నాకు తెలియలేదు. అంత నిశ్శబ్దంలో నాకు తల్లి చేపను నమిలే చప్పుడు వినిపించింది, ముల్లు పటపటమంటూ. నా మొహం చూసి, ఏంటన్నట్టు ఆయన కనుబొమ్మలెగరేశాడు. నేను దవడలు ఆడించి చూపించాను. ఆయన మొహమంతా నవ్వు పరుచుకుంది. వేలు మాత్రం ఆగలేదు.

ఆ ఆదివారం మంచిర్యాలలో సంఘం కూడింది. మా బాపు కూడా వచ్చాడు, తెల్ల అంగీ ఇస్త్రీ చేయించుకుని. భానుప్రసాద్ సారు ఫోటోను గోడ మీద పెద్దగా వేశాడు. తల, తోక, వేళ్ళ మధ్య తోలు, నోట్లో చేప. ఒక్కరు కూడా నవ్వలేదు. సారు మా ఆయన దగ్గరికి నడిచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "రాజం గారూ, తప్పు మాదే. మీరు మొదటిదినమే నిజం చెప్పిన్రు."

నా ఛాతీ ఉబ్బిపోయింది. అక్కడితో అయిపోతుందనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఒకాయన అడిగాడు. "మీరెప్పుడు ఎదురు బండ దిక్కే కూసుంటరంట గదా. అవి ఎనుక నుంచి వస్తున్నయని మీకెట్ల తెలిసింది?"

మా ఆయనకు అది వినపడలేదు. రాజ్‌కుమార్ చెవి దగ్గర మళ్ళీ చెప్పాడు. 'ఏదో తిరిగి చూసిన, కనవడ్డయి' అంటే సరిపోయేది. ఆయన కళ్ళకు ఇంకా పేరొచ్చేది. ఎవరూ కాదనేవారు కాదు.

ఆయన లేచి నిలబడ్డాడు. సాంచాల షెడ్డులో మాట్లాడినంత గట్టిగా, హాలంతా దద్దరిల్లేట్టు చెప్పాడు.

"నాకు చెవులు ఇనవడయి సార్. సాంచాల మీద పోయినయి. గవి ఈల వేస్తే మా ఆమెకు ఇనవడ్డది. నాకు చెయ్యితోని చూపిచ్చింది, నేను తీసిన. మీరు రాసుకునే కాడ ఆమె పేరు గూడ రాయున్రి. పద్మలత."

పక్కన మా బాపు, అల్లుడు ఏమన్నాడో అందక, "ఏమన్నడు? ఏమన్నడు?" అని నన్ను పొడుస్తున్నాడు.

"ఆమె ఏరి?" అని అడిగాడు భానుప్రసాద్ సారు, కలం తీస్తూ.

నేను లేచి నిలబడ్డాను.